వదిలేస్తే తీరిపోతుందా?

వైరా, పాలేరు జలాశయాల గట్ల మీద గాలం వేసుకుని కూర్చునే సరదా వేటగాళ్లలో రెండు వర్గాలున్నాయి. పట్టిన చేపను సంచిలో వేసుకుని ఇంటికి పోయేవారు ఒక వర్గం. పట్టి, ఫొటో దిగి, తిరిగి నీళ్లలో వదిలేసేవారు రెండో వర్గం. వాళ్లది కక్కుర్తి అని వీరంటారు, వీరిది పటాటోపమని వారంటారు. ఆ చేప ఎవరిది, ఏ జాతిది, ఏ కాలంలో చిక్కింది అన్న మాట మాత్రం ఇరువర్గాలూ ఎత్తవు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల దాకా ఉన్న నీళ్లలో చేపను ఉంచుకోవాలా, వదలాలా అన్నది తేలవలసింది ఈ మూడింటి మీదే. గాలం వేసినవాడి మనసు ఎంత మెత్తనిదన్నది తర్వాతి సంగతి.

మొదట హక్కు సంగతి. బొచ్చె, రోహు వంటి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీరు కావాలి. అందుకే చెరువుల్లో, జలాశయాల్లో ఏటా పిల్లలను వదలాలి. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లల పంపిణీ చేపట్టింది ఇందుకే. అలా పెరిగిన చేప మీద ఆశ పెట్టుకుని బతికేది మత్స్య సహకార సంఘాల సభ్యులు. ఆదివారం వచ్చి అడగకుండా నాలుగు బొచ్చెలు పట్టుకుపోవడాన్ని సరదా అనడానికి వీల్లేదు, అది ఒకరి కష్టంలో చెయ్యి పెట్టడం. ఏజెన్సీలో అడుగుపెడితే ఈ హక్కు మరింత స్పష్టం. 2006 అటవీ హక్కుల చట్టం జలవనరుల్లోని చేపల మీద అడవిబిడ్డల సామూహిక హక్కును గుర్తించింది. 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. చర్ల, దుమ్ముగూడెం వైపు వాగుల్లో గాలం వేయడానికి కారులో వచ్చేవారిలో ఊరి పెద్దను ఒక్క మాట అడిగినవారు ఎందరు?

ఇక జాతి, కాలం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. వానాకాలంలో తూటికాడల నడుమ, నాచు తొలగించిన చిన్న జాగాలో అది గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటపడ్డాక ఎర్రగా, ఒకే ముద్దలా నీటి పైపొరలో మసులుతుంటాయి. తల్లీతండ్రీ వాటి కిందే తిరుగుతూ కాపలా కాస్తాయి. ఆ ఎర్రటి గుంపు ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని మీదుగా కప్పనో రబ్బరు కప్పనో ఆడించడం కొందరు వేటగాళ్లకు తెలిసిన కిటుకు. అప్పుడు కొర్రమీను గాలాన్ని అందుకునేది ఆకలితో కాదు, పిల్లల జోలికి వచ్చినదాన్ని తరమడానికి. దాన్ని ఒడ్డుకు లాగి, కొలిచి, ఫొటోలు తీసి వదిలిపెట్టేలోగా కాపలా లేని పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. తల్లిని వదిలామన్న తృప్తి వేటగాడికి మిగులుతుంది, పిల్లలు మాత్రం మిగలవు. ఇంతకన్నా, వేసవిలో ఒక కొర్రమీనును పట్టి కూర వండుకున్నవాడే ఆ చెరువుకు తక్కువ అపకారం చేసినట్టు లెక్క.

వదలడానికీ ఒక పద్ధతి ఉంది. చేప ఒంటి మీది జిగురుపొర దానికి రోగాల నుంచి రక్షణ, పొడి చేతులతో పట్టుకున్నా వేడెక్కిన బండ మీద పడేసినా అది ఊడిపోతుంది. ఎండాకాలంలో వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ, పెనుగులాడి అలసిన చేప తిరిగి తేరుకోలేదు. గాలం గొంతు లోపలికి దిగితే లాగకుండా దారం తెంచి వదలడమే మేలు. ఈ జాగ్రత్తలేవీ లేకుండా నీళ్లలోకి విసిరిన చేప కళ్లముందు ఈదుకుంటూ వెళ్లినా, తర్వాత చచ్చి తేలితే ఆ లెక్క వేటగాడికి చేరదు. స్విట్జర్లాండ్‌లో వదిలేసే ఉద్దేశంతోనే చేపను పట్టడం నిషిద్ధం. తగిన కారణం లేకుండా జంతువును బాధపెట్టరాదని జర్మనీ చట్టం చెబుతుంది. తినడానికైతే పట్టు, ఆడుకోవడానికైతే వద్దు అన్న ఆ తర్కాన్ని మనం పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు గానీ, వదిలేయడమే పరమధర్మమన్న ధీమాను అది బాగానే కదిలిస్తుంది.

కిన్నెరసాని అభయారణ్యంలో ఈ చర్చకే తావులేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్వచనంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా. కర్ణాటకలోని కావేరి అభయారణ్యంలో ఏళ్ల తరబడి నడిచిన మహాశీర్ గాలం శిబిరాలు ఆగింది ఈ చట్టం దగ్గరే, అక్కడి వేటగాళ్లు పట్టిన చేపను వదిలేసేవారే అయినా. ఆ శిబిరాల కాపలా పోయాక నదిలో దొంగవేట పెరిగిందని వారు వాదించారు. వాదనలో పస లేకపోలేదు. కానీ కాపలా ప్రభుత్వ బాధ్యత, దాన్ని సరదా వేటగాళ్ల దయకు వదిలేయడం పరిష్కారం కాదు.

వదలకూడని చేపలూ ఉన్నాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది, దొరికిన చిన్న చేపనల్లా తినే జాతి అది. జీవహింస ఎందుకని దాన్ని తిరిగి వాగులో వదిలేవారు ఆ వాగులోని తక్కిన జీవాలన్నిటికీ కీడు చేస్తున్నారు.

గోదావరిలో తూటాలు పేల్చేవారిని, వాగుల్లో పురుగుమందు కలిపేవారిని, కరెంటు పెట్టి చేపలు పట్టేవారిని వదిలేసి గాలంగాళ్ల మీద పడతారేమని కొందరు నిలదీయవచ్చు. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం 1897 చట్టం నాటి నుంచే నేరం. నేరస్థుడికి కావలసింది పోలీసు. చదువుకుని, ఖరీదైన కర్ర కొనుక్కుని, ప్రకృతి ప్రేమికుణ్నని చెప్పుకునేవాడికి కావలసింది నియమం. పక్కవాడు తూటా పేల్చాడు కాబట్టి నా గాలానికి లెక్క అడగవద్దనడం పౌరుడు మాట్లాడే మాట కాదు.

ఆ నియమాలు పెట్టవలసినవారు ఏం చేస్తున్నారన్నదీ అడగాలి. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం అంచు దాటితే వేరే రాష్ట్రం, వేరే మత్స్యశాఖ. శబరి, గోదావరి కలిసే కూనవరం ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఉంది. రెండు శాఖలూ కూర్చుని ఒకే నియమావళి రాసుకోవాలి. జలాశయాల్లో సరదా వేటకు సంఘం నుంచి రుసుముపై అనుమతి తప్పనిసరి చేసి, ఆ డబ్బు సంఘానికే చేరేలా చూడాలి. ఏజెన్సీలో గ్రామసభ మాటే చెల్లాలి. పిల్లలను కాస్తున్న కొర్రమీను మీద, వరదకు ఎదురెక్కే జన పట్టిన చేప మీద గాలమూ వలా రెండూ పడకూడదు. చేపపిల్లలను వదిలే రోజున ఫొటోలకు నిలబడే ప్రజాప్రతినిధులకు, అధికారులకు ఇదేమంత కష్టమైన పని కాదు. చేపలు గుడ్లు పెట్టే వారాల్లో అలుగుల దగ్గర, వాగుల మొగల్లో ఇద్దరు సిబ్బందిని నిలబెట్టినా సగం పని అవుతుంది.