ఎవరి రాజీకి ఎవరు బలి?

మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరీ' అచ్చువేసి, దాన్ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. నల్లవాళ్లను బానిసత్వం నుంచి విడిపించినందుకు వాళ్లను మెచ్చుకున్నాడు. మనదేశంలో శూద్రుల విముక్తికి అది ఆదర్శం కావాలని ఆశపడ్డాడు. సరిగ్గా ఆ ఏడాదే, ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం నాడు, లూసియానా రాష్ట్రంలోని కోల్‌ఫాక్స్ అనే ఊళ్లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లవాళ్ల మీదికి తెల్లవాళ్లు ఫిరంగితో వచ్చిపడ్డారు. భవనానికి నిప్పుపెట్టారు. లొంగిపోయినవాళ్లను కూడా కాల్చి చంపారు. చచ్చినవాళ్లు అరవై అన్నవాళ్లున్నారు, నూటయాభై అన్నవాళ్లున్నారు. అటువంటి శవాల లెక్క ఏ దేశంలో తేలింది గనక!

ఫూలేను తప్పుపట్టడం లేదు. ఆయనకు అందిన కబురు అంతవరకే. నా పేచీ ఆ కబురుతోనే. 1861లో అంతర్యుద్ధం మొదలైంది, 1865లో ముగిసింది, లింకన్ సంకెళ్లు తెంచాడు, కథ కంచికి. మనం చదువుకున్నది ఇంతే. ఉత్తర సైన్యంలో సుమారు లక్షా ఎనభై వేలమంది నల్ల సిపాయిలు తుపాకీ పట్టారన్నది ఆ కథలో ఉండదు. ఆజాదీ ఎవరో ఇచ్చిన ఖైరాత్ అన్నట్టే చెబుతారు. ఖైరాత్ అంటే మళ్లీ లాక్కోవచ్చు కదా. యుద్ధం తర్వాతి పన్నెండేళ్లను వాళ్లు 'పునర్నిర్మాణం' అంటారు. ఆ పన్నెండేళ్లలో జరిగింది ఈ లాక్కోవడమే.

రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వాన్ని రద్దుచేసిన 1862 చట్టం చూడండి. అందులో పరిహారం ఉంది. ఎవరికి? యజమానికి. తలకు 300 డాలర్ల దాకా. పుట్టినప్పటి నుంచి చాకిరీ చేసినవాడికో? వాడికీ 100 డాలర్ల దాకా రాశారు. హైతీకో లైబీరియాకో వెళ్లిపోతానంటేనే! పొమ్మనే దేశం పేరు మారుతుంది, అంతే. ఆ మాట వినకుండా మనలో ఎవరు పెరిగారు?

1865 జనవరి 12న సవానా పట్టణంలో జనరల్ షెర్మన్ ఇరవైమంది నల్ల మతపెద్దలను పిలిచి, మీకేం కావాలని అడిగాడు. గారిసన్ ఫ్రేజర్ అనే 67 ఏళ్ల పెద్దాయన వాళ్ల తరఫున మాట్లాడాడు. తననూ తన భార్యనూ వెయ్యి డాలర్లు పోసి కొనుక్కున్న మనిషి. భూమి కావాలి, మా చేతులతో మేం దున్నుకుంటాం అన్నాడు. అన్నం పెట్టమనలేదు, జాలిపడమనలేదు. నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. దక్షిణ కరొలైనా నుంచి ఫ్లోరిడా దాకా తీరంలో కుటుంబానికి 40 ఎకరాల దాకా. కొద్ది నెలల్లో దాదాపు నలభై వేలమంది నాలుగు లక్షల ఎకరాల్లో కుదురుకున్నారు.

ఆ ఉత్తర్వు కిందికొచ్చిన దీవుల్లో సాపెలో ఒకటి. అక్కడే అంతకు ముందు తరంలో బిలాలీ ముహమ్మద్ అనే బానిస వజూ గురించీ నమాజ్ గురించీ అరబ్బీలో రాసుకున్న కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఉమ్మత్ ఉమ్మత్ అని గొంతు చించుకునే మన మౌల్వీ సాబులు ఆయన పేరు ఒక్క ఖుత్బాలోనైనా తలచుకున్నారా?

ఏప్రిల్‌లో లింకన్‌ను చంపేశారు. గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ తిరుగుబాటు చేసిన దొరలను క్షమించాడు. క్షమించి ఊరుకోలేదు, భూములు వాపస్ ఇమ్మన్నాడు. ఆ కబురు చెప్పడానికి అక్టోబర్‌లో జనరల్ హోవర్డ్ ఎడిస్టో దీవికి వెళ్లాడు. పాత యజమానులను క్షమించండి అన్నాడు. అక్కడి రైతులు రాసిన జవాబు చదివితే కడుపు మండుతుంది. చెట్టుకు కట్టేసి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ణి, నా కాళ్ల కింది నేలను మళ్లీ లాక్కుంటున్నవాణ్ణి ఎట్లా క్షమించాలని అడిగారు. దేశం ఒక్కటి కావాలట! ఉత్తరాది తెల్లవాడూ దక్షిణాది తెల్లవాడూ చేతులు కలుపుకోవడానికి మధ్యలో నల్లవాడి నలభై ఎకరాలు అడ్డమొచ్చాయి.

జమీన్ పోయాక చట్టాలొచ్చాయి. మిసిసిపీలో నల్లవాడు ప్రతి జనవరిలో పనిలో ఉన్నట్టు కాగితం చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి అని జుర్మానా. కట్టలేకపోతే, కట్టినవాడి కింద చాకిరీ. ఇటువంటివాటిని ఆపడానికి 1866లో పౌరహక్కుల బిల్లు తెస్తే జాన్సన్ తిప్పికొట్టాడు. ఇది తెల్లవాళ్లకు వ్యతిరేకంగా నల్లవాళ్ల వైపు మొగ్గు చూపుతోందన్నాడు. 'బుజ్జగింపు' అనే మాట మనదేశంలోనే పుట్టిందనుకుంటున్నారా?

కాంగ్రెస్ ఆయన్ను కాదని బిల్లు నెగ్గించింది. 1868లో పౌరసత్వం, 1870లో మగవాళ్ల ఓటు రాజ్యాంగంలోకి ఎక్కాయి. నల్ల శాసనసభ్యులు దక్షిణాదిలో ప్రభుత్వ బడులు తెరిపించారు. ఆ బడుల్లో పేద తెల్లపిల్లలూ చదివారు. వర్గం ఒక్కటైతే చాలు, అస్తిత్వాల గోల దేనికనే కామ్రేడ్లు ఇక్కడ కాస్త ఆగాలి. రాత్రుళ్లు ముసుగులేసుకుని నల్లవాళ్ల గుడిసెల మీదికొచ్చిన గుంపుల్లో ఆ పేదలూ ఉన్నారు.

కోల్‌ఫాక్స్ హంతకుల్లో కొందరికి శిక్షపడితే 1876లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజ్యాంగ సవరణ కట్టడిచేసేది రాష్ట్రాన్నే తప్ప మనుషులను కాదట. గుంపు చంపితే ఢిల్లీకి సంబంధం లేదన్నట్టు! 1877లో అధ్యక్ష పదవి బేరం కుదిరింది, సైన్యం బారక్‌లకు వెళ్లిపోయింది. 1883లో హోటళ్లలో, రైళ్లలో వివక్షను నిషేధించిన చట్టాన్నీ అదే కోర్టు కొట్టేసింది. వీళ్లు ఇక మామూలు పౌరులు కావాలి, ఎల్లకాలం చట్టానికి ముద్దుబిడ్డలుగా ఉండకూడదని నీతి చెప్పింది. బానిసత్వం పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

చంపినవాళ్లే చరిత్రకు పేరు పెడతారు. 1948లో హైదరాబాద్ మీదికి సైన్యం వస్తే దానికి 'పోలీస్ చర్య' అని పేరు. ఆ రోజుల్లో చచ్చినవాళ్లు కనీసం 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ చెప్పిన నివేదికను సర్కారు దశాబ్దాలు అచ్చువేయలేదు. కోల్‌ఫాక్స్‌లోనూ అంతే. 1951లో అక్కడ ప్రభుత్వం ఒక బోర్డు పాతింది. జరిగింది 'అల్లరి' అనీ, దాంతో దక్షిణాదిలో దుష్టపాలన అంతమైందనీ అందులో రాయించింది. నల్లపిల్లలు ఆ బోర్డు పక్క నుంచే నడిచారు. 2021 మేలో దాన్ని పీకేశారు. 2023 ఏప్రిల్ 13న, నూటయాభై ఏళ్లకు, ఆ ఊళ్లో ఒక నల్లరాయి నిలబెట్టారు. దాని మీద యాభైఏడుగురి పేర్లు చెక్కారు. మిగిలినవాళ్ల పేర్లు దొరకలేదు.