నల్లరంగేస్తే పెద్దమనిషి, పసుపురంగేస్తే పోరంబోకా?

మొన్న సంక్రాంతికి జంగారెడ్డిగూడెం వెళ్ళినప్పుడు మా ఇంట్లో జరిగిన పంచాయితీ ఇది. మా బాబాయి కొడుకు ఐటీఐ చదువుతున్నాడు. ముందు జుట్టులో నాలుగు పాయలు బంగారు రంగు చేసుకుని భోజనాల దగ్గరికి వచ్చాడు. బంగారు రంగని వాడనుకున్నాడు గానీ చూసేవాళ్ళకి అది ఇటుక రంగే :)

"ఏంట్రా ఆ కోతి వేషం? తిరపతి తీసుకెళ్ళి గుండు కొట్టించేస్తా" అని బాబాయి అంతెత్తున లేచాడు. మా అత్తయ్య ఊరుకోకుండా ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. ఇంకేముంది, బెంగళూరు నుంచి, డాలస్ నుంచి పగలబడి నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. మన సాఫ్ట్‌వేర్ బావగారొకాయన "సంస్కృతి ఏమైపోతోందో" అని కూడా రాశారు. ఆయన శ్రీమతిగారు పోయిన దసరాకి మాదాపూర్లో ఏడు వేలు పెట్టి చేయించుకున్నదీ ఇదే పని. కాకపోతే దానికి ఫ్రెంచి పేరుంది.

ఇక కేకలేసిన బాబాయి సంగతి చూద్దాం. యాభై ఆరేళ్ళు, తల మాత్రం నిగనిగలాడే నలుపు. రెండు వారాలకోసారి ఆదివారం పెరట్లో చిరుగు బనీను వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో ప్యాకెట్ రంగు పట్టిస్తాడు. మర్నాడు కనురెప్పలు వాస్తాయి. "వేడి చేసిందిరా" అని రెండు గ్లాసుల మజ్జిగ తాగుతాడు. ఇలా ఎన్నేళ్ళ నుంచో!

అది వేడి కాదు బాబోయ్. ఆ నల్లరంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. దాన్ని రంగుగా మార్చడానికి పెరాక్సైడు కావాలి, లేదా నీళ్ళలో కలిపాక పెరాక్సైడునిచ్చే పొడి కావాలి. ఈ పీపీడీ ఎంత ఘనమైనదంటే 2006లో అమెరికాలోని చర్మ అలర్జీ డాక్టర్ల సంఘం దాన్ని "ఆ ఏటి అలర్జీ కారకం"గా ప్రకటించింది. యూరప్‌లో కలిపిన తర్వాత 2 శాతం మించకూడదని నిబంధన ఉంది. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలయ్యాక అది మామూలుగా పోదు, వాడేకొద్దీ ఇంకా ఎక్కువ కావచ్చు. ప్యాకెట్ మీద 48 గంటల ముందు చెవి వెనక రాసి చూసుకోమని చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎవడు చదివాడు గనక!

అంటే ఇద్దరూ నెత్తి మీద పెరాక్సైడే వేసుకుంటున్నారన్నమాట. ఒకరిది "గౌరవంగా కనబడటం", ఇంకొకరిది "జులాయితనం". వయసు దాచుకోవడానికి వేసుకుంటే ఒప్పు, సరదాకి వేసుకుంటే తప్పు... ఇదెక్కడి న్యాయమండీ?

పైగా తిరపతి గుండు సంగతి. తిరుమలలో మనం ఇచ్చిన తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది. అందులో మంచి పొడుగు జుట్టు విదేశాలకు పోయి, రంగు తీయించుకుని, దొరసానుల నెత్తిన బంగారు రంగు సవరమై కూర్చుంటుంది. మన జుట్టు బంగారు రంగులో ఉండటం దేవుడికీ అభ్యంతరం లేదు, డాలరుకీ అభ్యంతరం లేదు. మనవాడి నెత్తిమీద ఉంటేనే సంస్కృతికి ముప్పు!

సరే, అసలు నాకు కోపం వచ్చింది నవ్వినందుకు కాదు. భోజనాలయ్యాక తమ్ముణ్ణి పక్కకి పిలిచి "దేంతో చేశావురా?" అనడిగాను. "మంగలి షాపులో మూడొందలు అడిగారన్నయ్యా. అందుకని బ్లీచింగ్ పౌడర్ కొందామనుకున్నా. ఫ్రెండు వద్దన్నాడు, మొహానికి రాసే క్రీము తెచ్చాడు. గంటన్నర ఉంచాను" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే తెలుగులో "బ్లీచింగ్ పౌడర్" అంటే పంచాయితీ వాళ్ళు కాలవ పక్కన చల్లే క్లోరిన్ పొడి! జుట్టుకి వాడేది పూర్తిగా వేరే సరుకు. పేరొకటే అయినంత మాత్రాన ఒకటి కాదు. చల్లే పొడి నెత్తికి పట్టిస్తే చర్మం ఉడికిపోతుంది. ఆ ఫ్రెండెవరో గానీ వాడికి నేను రుణపడి ఉన్నాను.

గ్రూపులో నవ్విన పాతికమందిలో ఒక్కరైనా ఈ ముక్క వాడికి చెప్పారా? కోడ్ తప్పు రాసిన జూనియర్‌కి అరగంట కూర్చుని ఓపిగ్గా చెప్తాం కదా. అందుకే నేనే కూర్చుని చెప్పాను. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి తమ్ముళ్ళు ఉంటారు గనక ఇక్కడా రాస్తున్నా.

మా ఊరివాళ్ళకి పసుపు రంగు గురించి ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. వర్జీనియా పొగాకు పండేచోటు. పచ్చాకుని కర్రలకి కట్టి బ్యారన్‌లో పెట్టి, ముందు చిన్న వేడి మీద పసుపెక్కనిచ్చి, తర్వాతే మంట పెంచుతారు. ఐదారు రోజుల పని. తొందరపడి మంట పెంచితే ఆకు చెడుతుంది, వేలం కేంద్రంలో రేటు పోతుంది. జుట్టూ అంతే. మన నలుపు ఒక్క దెబ్బకి బంగారం అవదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. ఒక్కపూటలో తెల్లదొర అయిపోదామంటే పీచు చేతికొస్తుంది. మన జుట్టుకి తేనె రంగు దగ్గర ఆగడం మేలు.

డబ్బుల్లేనివాడికి ఇంకో కిటుకు చెప్పా. తలంతా వద్దు, చివర్లు గానీ నాలుగు పాయలు గానీ చాలు. జుట్టు నెలకి దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. తలంతా వేసుకున్నవాడు నెలనెలా కుదుళ్ళ దగ్గర మళ్ళీ దిద్దుకోవాలి, ఖర్చంతా అక్కడే. పాయలైతే కుదుళ్ళ జోలికి వెళ్ళక్కర్లేదు, మాడుకి మందు తగలదు. 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడు చాలు, 40 జోలికి పోవద్దు. ప్లాస్టిక్ గిన్నె, చేతికి గ్లవుజులు, గాలాడే పెరడు. జుట్టు పొడిలో ఉండే పర్‌సల్ఫేట్లు ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం. ప్యాకెట్ చెప్పిన టైము దాటకూడదు, మండితే వెంటనే కడిగెయ్యాలి. ముందు మెడ దగ్గర చిన్న పాయ కత్తిరించి దానిమీద చూసుకోవాలి. ముఖ్యంగా ఇదివరకు నల్ల హెన్నా పొడులేవైనా వాడినవాళ్ళు. కొన్నిట్లో లోహాల లవణాలుంటాయి, పెరాక్సైడు తగిలితే జుట్టు పొగలు కక్కేంత వేడెక్కుతుంది.

ఇటుక రంగు విరగాలంటే నీలిరంగు షాంపూ. తెల్లచొక్కా పసుపు పోవడానికి అమ్మ నీళ్ళలో ఉజాలా చుక్కలు వేస్తుంది చూడండి, అదే సూత్రం. (ఉజాలా నెత్తిన పోసుకోవద్దు. తమ్ముడు వెంటనే అడిగిన ప్రశ్న అదే!) వారానికోసారి చాలు, ఒక సీసా నెలలు వస్తుంది. తలస్నానానికి ముందు కొబ్బరినూనె. అది జుట్టులో ప్రొటీన్ పోకుండా ఆపుతుందని 2003లో పరిశోధన పత్రం వచ్చింది. చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే అనుకోండి, అయినా గోదావరి జిల్లాల్లో కొబ్బరినూనెకి సాక్ష్యం కావాలా!

ఇదంతా వరండాలో కూర్చుని వాడికి చెప్తుంటే బాబాయి లోపల పేపరు చదువుతున్నట్టు నటిస్తూ వింటున్నాడు. కాసేపటికి బయటికొచ్చి, నాకేసి చూడకుండా, "ఆ చెవి వెనకాల రాసుకునేదేదో అన్నావు... ఎన్ని గంటలు ఉంచాలేంటి?" అన్నాడు.