ట్యూబు లేని సైకిలు టైర్లు

పల్లేరుగాయయు తుమ్మముల్లును సైకిలునకు శత్రువులని మీకు మేము చెప్పనక్కఱలేదు. తెల్లవాఱుజామున పాలక్యానుతో బయలుదేఱినవానికి నడిదారిలో గాలి పోయినచో పాలును వేళయు రెండును చెడును. డన్లప్ 1888లో సైకిలునకు గాలిటైరు చేసిననాటినుండియు ఈ బాధ యున్నదే. ట్యూబు లేని టైర్లు మేలా యని పలువురు మమ్మడుగుచున్నారు. రెండేండ్లు వానిపై గ్రామములు తిరిగి యిది వ్రాయుచున్నాము.

ఈ టైరులో రబ్బరుపాలతో చేసిన ద్రవమును పోయుదురు. ముల్లు దిగినచోట గాలి వెలువడునప్పుడు ద్రవము రంధ్రమున జొచ్చి గడ్డకట్టి పూడ్చును. ఇది నిజమే. కాని టైరు ప్రక్క చీలినను, పెద్దమేకు దిగినను పూడదు. ద్రవము ఎండలకు త్వరగా ఆఱిపోవును గనుక రెండుమూడు నెలలకొకసారి చూచి పోయవలయును. మే మొక వేసవిలో ఏమఱితిమి. ముల్లు దిగగా గాలియంతయు పోయెను. సంచిలోని ట్యూబు వేసితిమి గాని, టైరులో మునుపే దిగియున్న ముళ్లను తీయనందున అదియు చిల్లుపడెను. నాలుగు మైళ్లు నడచితిమి.

మన సాధారణ సైకిలు రిమ్ము దీనికి తగదు. కావున పాత సైకిలుగలవారు ట్యూబుతోనే యుండుట మేలు. క్రొత్త చక్రములు కొనువారు మాత్రము, నెలనెల చూచుకొను నోపికయున్నచో, దీనిని కొనవచ్చును. టైరు రిమ్మున బిగియుటకు ఒక్కసారిగా గాలి కొట్టవలయును. చేతిపంపు తఱచుగా చాలదు. సంఘమే యొక గాలియంత్రమును, పెద్దడబ్బా ద్రవమును ఉంచినచో సభ్యులకు ఖర్చు తగ్గును. రాబోవు సమావేశమున దీని నాలోచింపుడని కోరుచున్నాము.