తాతల ఇల్లే గానీ, పట్టా ఎవరి పేర ఉంది?

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒడిశాకు మారింది. అంతకుముందు రాయించుకున్న తెలుగు దస్తావేజులు బరంపురంలో మనవాళ్ల పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. ఇప్పటి పట్టా మాత్రం ఒడియాలో ఉంటుంది.

పైన ఇంకో అంతస్తు వేద్దామని కుర్రవాడు గృహరుణానికి వెళితే అక్కడే చిక్కు. పట్టాలో పేరు ఎప్పుడో కాలం చేసిన తాతగారిది. ఇంటిపన్ను మేమే కడుతున్నామంటే బ్యాంకు లాయరు వినడు; పన్ను రసీదు హక్కుపత్రం కాదు. చివరికి ఎక్కువ వడ్డీకి పర్సనల్ లోనే గతి.

భూలేఖ్‌లో మౌజా, ఖాతా నంబరు కొడితే ఎవరి పేర ఉందో ఇంట్లోంచే తెలుస్తుంది. తర్వాత తహసీల్ ఆఫీసులో వారసుల పేర మ్యుటేషన్ చేయించాలి. ఆడపడుచుల సంగతి తర్వాత చూద్దాం అనడం మనకు అలవాటు. 2005 వారసత్వ చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా వచ్చింది. శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉన్న అక్కచెల్లెళ్లను వదిలేసి ఇప్పుడు చేసుకునే పంపకం కోర్టులో నిలవడం కష్టం. (అడిగితే చాలామంది కాదనరు. అడగలేదనే వాళ్ల బాధ.)

అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం, 2023 డిసెంబరు 1 నుంచి. తన వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు రూ.5,000 చెల్లించాలి.