పూతమీద గుత్త

నూజివీటి సీమలో మావిళ్లు పూయునప్పటికి పూతతోపాటు మఱియొక జాతివారును దిగుదురు. వారు సంచి చంకనిడుకొని, తోటతోటయు దిరిగి, కొమ్మలెత్తి చూచి, పూతమీదనే కాపునంతయు గుత్తకు మాటాడుకొను వర్తకులు. పిందె నిలుచునో, రాలునో, తేనెమంచు పట్టునో, వడగాలి విసరునో రైతెఱుగడు, వర్తకుడును ఎఱుగడు. కాని రైతునకు అప్పు తొందర గలదు, వర్తకునకు ఏ తొందరయు లేదు. బేరమున గెలుపోటములు నిర్ణయించునది ఈ యొక్క భేదమే. పూతనాడు పుచ్చుకొన్న రూకలు పిందెనాటికి వ్యయమైపోవును. వేసవిలో చిన్నరసాలును, బంగినపల్లియు బండ్లకెక్కి నున్న సంతకు పోవుచుండగా, చెట్టు పెంచినవాడు గట్టుమీద నిలిచి తన కాయలను తానే అన్యునివలె చూచుచుండును.

ఈ వర్తకము చెట్లతోనే ఆగియుండిన మేము నేడు కలము పట్టవలసిన పని లేకుండెడిది. ఇప్పుడది పిల్లలమీదికి వచ్చినది.

మొన్న ఒక పఠనమందిరమున పెద్దలు కొందఱు సమావేశమై, మన యువజనులు కొరియాపాటలు పాడుచున్నారనియు, అర్థము తెలియని ఆ కూతలచే ఆంధ్రసంస్కృతి అడుగంటుచున్నదనియు మిక్కిలి దుఃఖించిరి. ఊరిలోని సాంకేతిక విద్యాలయము మొదలుకొని తోటలోని మంచె వఱకు, ఎక్కడ విన్నను చెవికి తీగె తగిలించుకొన్న పడుచువారి నోట ఆ భాషయే వినబడుచున్నదట! ఖండన తీర్మానము ప్రతిపాదింపబడినది. మేము చేయెత్తలేదు. ఏల ఎత్తలేదని పలువురు మిత్రులడిగిరి గనుక సమాధానము చెప్పుచున్నాము.

మొదటి మాట. కొరియావారిని తెలియక తూలనాడుట మనకు తగదు. 1910 మొదలు 1945 వఱకు ఆ జాతి జపానువారి పాదముల క్రింద నలిగినది. 1919 మార్చి 1వ తేదీన, మనదేశమున రౌలట్టు శాసనముపై హర్తాళ్లకు ఒక నెల ముందే, స్వాతంత్ర్య ప్రకటన చదివి వీథులలో నిలిచి తుపాకిగుండ్లకు రొమ్మొడ్డిన జాతి యది. వారికి జపాను చెఱ విడినది 1945 ఆగస్టు 15. మనకు తెల్లవాని చెఱ విడినది, రెండేండ్ల తరువాత, ఆ తేదీనాడే. ప్రవాస ప్రభుత్వమును నడపిన కిమ్ గూ అను వారి నాయకుడు 1947లో ప్రకటించిన స్వీయచరిత్రలో తన జాతికి ధనబలమును, సేనాబలమును గొప్పగా కోరలేదు. తనను సుఖపెట్టి పరులను సుఖపెట్టగల ఉన్నత సంస్కృతిని కోరెను. ఇట్టి కోరిక కోరిన జాతి పాటను కూత యనువారు ముందుగా తమ చెవులను పరీక్షింపించుకొనవలెను.

బోఆ అను గాయని చరిత్రమును చూడుడు. 1986లో పుట్టిన యీ బాలిక 1998లో అన్నగారి వెంట పరీక్షకు పోయి, అన్నకు బదులుగా తాను ఎన్నుకొనబడెను. రెండేండ్లు పాటయు, ఆటయు, జపాను భాషయు నేర్పి, పదుమూడేండ్ల ప్రాయమున, 2000 ఆగస్టులో, కంపెనీవారు ఆమెను వేదిక యెక్కించిరి. 2002లో ఆమె పాటల సంపుటి జపానుదేశపు అమ్మకపు పట్టికలో మొదటిస్థానమున నిలిచినది. కొరియా గాయకులలో అంతకు పూర్వము ఎవ్వరికిని ఆ స్థానము దక్కలేదు. ముప్పదియైదేండ్లు తమ తాతలనేలిన దేశమును ఒక పదునైదేండ్ల పిల్ల పాటతో గెలిచినది! 2014లో ఆ కంపెనీలోనే ఆమె డైరెక్టరు పదవి నందెను. ఇందు మనము ఈర్ష్యపడదగినదున్నది గాని ఏడ్వదగినది లేదు.

ఏడ్వదగినది వేఱొకచోట నున్నది. పఠనమందిరపు పెద్దలు దానిని తడవనే లేదు.

అదే కంపెనీ తయారుచేసిన అయిదుగురు యువకుల గాయకబృందమొకటి 2003 చివర వెలసినది. వారిలో మువ్వురు 2009 జూలైలో న్యాయస్థానమున కెక్కిరి. ఏమని? తమచేత వ్రాయించుకొన్న ఒడంబడిక పదుమూడేండ్లదనియు, అది మనుష్యుని యౌవనమంతటిని మ్రింగుననియు. ఆ యేటి అక్టోబరులో సియోలు న్యాయస్థానము తాత్కాలికముగా వారి పక్షమున ఉత్తర్వు చేసెను. ప్రభుత్వపు వ్యాపారన్యాయ సంఘమువారును అదే యేట గాయకులకొఱకు నమూనా ఒడంబడిక ప్రకటించి, గడువు ఏడేండ్లకు మించరాదనిరి. 2014లో వచ్చిన శాసనము పదునైదేండ్లలోపు పిల్లలచేత వారమునకు 35 గంటలకు మించి పని చేయింపరాదనియు, రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆఱు వఱకు సాధారణముగా చేయింపరాదనియు విధించెను. ఇంత చేసినను 2019 అక్టోబరులో ఒకరు, నవంబరులో ఒకరు, సల్లీ, గూ హారా యను ఇరువురు గాయనులు ముప్పదియేండ్లైన నిండక యే మరణించిరి. తమ వ్యాధిని తామే పసికట్టి చికిత్స మొదలుపెట్టిన జాతి యది. మన పెద్దలకో, పొరుగువాని పాట వినబడినది గాని వాని న్యాయస్థానపు తీర్పు వినబడలేదు.

ఇక మన యింటి సంగతి. ఇది మన సీమలో కొత్త కథ యని యెవరైన తలతురేని పొరబడినట్లే. నూజివీటి సంస్థానపు శాఖయైన మీర్జాపురము పేరు తెలుగు చలనచిత్ర చరిత్రమున సువర్ణాక్షరములతో వ్రాయబడినది. మీర్జాపురపు రాజావారి చిత్రసంస్థ పేరు శోభనాచల. అది మన ఆగిరిపల్లి కొండ పేరే. మేము జమీందారుల భట్రాజులము కాము. 1948 నాటి ఎస్టేట్ల రద్దు శాసనమునకు సంతసించినవారి సంతతిమే. అయినను ఉన్నమాట చెప్పవలెను గదా.

పశ్చిమగోదావరి పంగిడిలో 1924 డిసెంబరున జన్మించిన కృష్ణవేణి, నాటకములాడుచుండిన చిఱుతప్రాయముననే చిత్తజల్లు పుల్లయ్యగారి కంటబడి, 1936లో 'సతీ అనసూయ' చిత్రమున అనసూయయై నటించెను. పండ్రెండేండ్లైనను నిండని పిల్ల! తెరమీద నటించువారే తమ పాట తాము పాడుకొనవలసిన కాలమది. గొంతు లేనివారికి అన్నము లేదు. ఆమె నటించెను, పాడెను. మీర్జాపురపు రాజావారిని వివాహమాడెను. అంతటితో అంతఃపురపు తెఱ దిగిపోయెనని చదువరులనుకొందురేమో. లేదు. కూతురి పేరిట సంస్థ నెలకొల్పి, 1949లో 'మన దేశం' చిత్రమును తానే నిర్మించి, తానే నాయికయై నటించెను. శరత్ బాబుగారి 'విప్రదాసు' దానికి మూలము; ఎల్. వి. ప్రసాదుగారు దర్శకులు, క్విట్టిండియా సమరమున చెఱసాలకేగి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. నందమూరి తారకరామారావుగారు ఒక చిన్న పోలీసు వేషముతో మొదటిసారి తెరపై కానవచ్చినది అందులోనే. 1957లో 'దాంపత్యం' తీసి రమేశ్ నాయుడుగారిని తెలుగువారికి సంగీతదర్శకునిగా పరిచయము చేసినదియు ఆమెయే. 2004 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము ఆమెకు దక్కినది. నూఱేండ్లు నిండిన తరువాత, 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూసెను.

ఆ చిత్రమునకు 2024లో డెబ్బదియైదేండ్లు నిండినవి. నేడు దానిని ఎవరిని గుఱించి తలచెదరు? చిన్న వేషము వేసిన పురుషుని గుఱించి. ఆ వేషమిచ్చిన స్త్రీని ఎందఱు తలచెదరు? ఆయన మహానటుడు, మహానాయకుడు, కాదనము. కాని తల్లివేరు మఱచి పండు రుచిని కొనియాడుట మావిడి సీమవారికి శోభించునా? పఠనమందిరములలో నటుల పటములు గోడలనిండ నున్నవి. కృష్ణవేణి పటము మేమొక్కచోటనైనను చూడలేదు.

ఆ 'సతీ అనసూయ'లోనే గంగ వేషము వేసిన మఱియొక బాలిక గలదు: రావు బాలసరస్వతీదేవి. 1928లో పుట్టి, ఆఱేండ్లకే గ్రామఫోను పళ్లెమున పాడి, పదునైదేండ్ల ప్రాయమున, 1943 నాటి 'భాగ్యలక్ష్మి'లో తెరచాటున మఱొకరికి గొంతిచ్చి, తెలుగున నేపథ్యగానమునకు నాంది పలికినది. రేడియోలో లలితసంగీతమునకు ఆమె పేరే పర్యాయపదమై యుండెను. 1944లో కోలంక రాజావారిని వివాహమాడెను. ఆ పిమ్మటను 'షావుకారు' మొదలైన చిత్రములలో కొంతకాలము పాడెను గాని, భర్తగారికి సమ్మతము కాకపోవుటచే పాట విరమించుకొనెను. 2025లో ఆమెయు గతించినది.

ఒక్క చిత్రమున నటించిన ఇరువురు బాలికలు. ఇరువురును జమీందారుల యిండ్లు మెట్టిరి. ఒకామె చిత్రములు నిర్మించెను. ఒకామె మూగపోయెను. ప్రతిభలో భేదమా? కాదు. వారి గొంతు ఎవరి యేలుబడిలో నున్నదో, ఆ యేలిక మనస్సు ఎట్టిదో, దానినిబట్టి వారి చరిత్రము తిరిగినది. దొడ్డ మనసు గల దొర దొరకిన పాట, లేకున్న లేదు. ఆ దినములలో దొర భర్త రూపమున వచ్చెను. నేడు కంపెనీ రూపమున వచ్చుచున్నాడు. 2022లో పొరుగున ఒడ్డెదేశపు రూర్కెలా నుండి శ్రేయా లెంకా యను యువతి కొరియా గాయనీబృందమున చేరినది మొదలు, మన తల్లిదండ్రుల కన్నులును ఆ దిక్కునకు తిరిగినవి. అంతదూరమేల, టెలివిజను పాటలపోటీల తోరణముల క్రింద ప్రతి ఊరిలోను పూత బేరమాడబడుచునే యున్నది.

మేము న్యాయవాదులము. మా యొద్దకు వచ్చిన కాగితమొకదాని సంగతి వ్రాయుదుము, పేర్లు వ్రాయము. నూజివీటికి చేరువ గ్రామమునుండి ఒక రైతు పదునొకండేండ్ల కూతును వెంటబెట్టుకొని వచ్చెను. పిల్ల పాడునట, ఒక పోటీవారు మెచ్చిరట, ఒడంబడిక పంపిరట. "సంతకం పెట్టొచ్చునా వకీలుగారూ?" అని యడిగెను. చదివితిమి. పదియేండ్ల వఱకు ఆ పిల్ల ఎక్కడ ఏమి పాడినను హక్కు వారిదే. వలదనుకొన్న వారు ఎప్పుడైన విడువవచ్చును. పిల్ల మాత్రము విడువరాదు. ఆమె పేరును ముఖమును కూడ వారు అడుగకయే వాడుకొనవచ్చును. ఆమె కిచ్చునది "తగిన ప్రతిఫలము". తగినది ఎంత యని ఎక్కడను లేదు.

ఈ విషయమున మన ధర్మశాస్త్రము చెప్పునదేమి? 1872 నాటి ఒడంబడికల చట్టము 11వ సెక్షను ప్రకారము మైనరు చేసిన ఒడంబడిక చెల్లదు. 1903లో మోహిరీ బీబీ వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలువారు దీనిని స్థిరపఱచిరి. తండ్రి సంతకము చేసిన చెల్లదా? సినిమాలో నటించు మైనరు బాలికకొఱకు ఆమె తండ్రి వ్రాసిన ఒడంబడికయే బొంబాయి హైకోర్టుకు వచ్చినది. రాజ్ రాణీ, ప్రేమ్ అదీబ్ వ్యాజ్యముగా 1949 నాటి రిపోర్టులలో నున్నది. మైనరు చేయు చాకిరీయే ప్రతిఫలముగాగల ఆ కాగితము చెల్లదని తీర్పు. విని సంతోషింపకుడు! ఆ వ్యాజ్యమున ఓడినది బాలికయే. పాత్ర నిచ్చెదమని చెప్పి ఇతరుల కిచ్చిన నిర్మాతను ఆమె నష్టపరిహార మడుగజాలకపోయెను. చెల్లని కాగితము పిల్లను కట్టివేయదు, నిజమే. పిల్లకు రావలసిన రూకలనును రాబట్టదు. రెండువైపుల పదునుగల కత్తి యది.

కావున వేఱొక కంచె కావలసివచ్చినది, అదియును ఉన్నది. బాలకార్మిక శాసనమును 2016లో సవరించి, 2017లో నియమములు చేసిరి. పిల్లలు దృశ్యశ్రవ్య వినోదములలో పనిచేయవలెనన్న ఏర్పాటు చేయువారు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. దినమునకు అయిదు గంటలకు మించరాదు. విశ్రాంతి లేక మూడుగంటలకు మించరాదు. పిల్ల సంపాదనలో నూటికి ఇరువదికి తక్కువ కాకుండ జాతీయబ్యాంకులో పిల్ల పేరనే నిలువ వేయవలెను. పిల్లకు ఇష్టము లేనియెడల తల్లిదండ్రులు మెచ్చినను చేయింపరాదు. 2012 నాటి కాపీరైటు సవరణచే పాడినవారికి వారి పాట వాణిజ్యమున వాడబడినప్పుడెల్ల వాటా పొందు హక్కును కలిగినది. చట్టములు చక్కగనే యున్నవి. అడుగువారేరి? పోటీలు చూచుటకు గుంపులుగా కూడు పెద్దలలో ఒక్కరైనను, "అయ్యా, కలెక్టరు అనుమతి యేది? పిల్ల బ్యాంకు పుస్తక మేది?" అని యడిగిరా? పాట ఏ భాషలో నున్నదని మాత్రము అడుగుదురు!

సంస్కృతి పోవుచున్నదట. చిఱుకాయను కోసి కార్బయిడు పొడితో మగ్గబెట్టిన, పైతోలు పసుపెక్కును, లోపల పులుపు పోదు. మన పిల్లలను ఇట్లు మగ్గబెట్టి అమ్ముచున్నవారు తెలుగుపాట పాడించినను మాకు వలదు. కొరియాపాట పాడుకొను పిల్ల తన గొంతు తనదిగా పాడుకొనుచున్న, ఆమెను మేమేమియు అనము. పెద్దలు తీర్మానము చేయదలతురేని ఇట్లు చేయుడు: పైన చెప్పిన నియమములను తెలుగున అచ్చొత్తించి ప్రతి పఠనమందిరపు గోడను అంటింపుడు, ఊరికి పోటీవారు వచ్చిననాడు మందిరపు కార్యదర్శియే పోయి కలెక్టరు అనుమతి చూపుమని యడుగవలెను. ఇంతకు ఖర్చు కాగితము, మైదా. ధైర్యము వేఱు.

ఆ రైతునకు మేము చట్టమంతయు చెప్పితిమి. ఆయనకు సగము తెలిసెను, సగము తెలియలేదు. తుదకు, "ఈ యేడు తోట గుత్త కిచ్చితిరా?" అని యడిగితిమి. ఆయన నవ్వి, "నిరుడు పూతలోనే ఇచ్చి దెబ్బ తిన్నానండీ. ఈ యేడు కాయ నిలిచాకే బేరం అన్నాను," అనెను. అని, బల్లమీది కాగితమును చూచెను. చాలసేపు చూచెను. పిదప దానిని నాలుగు మడతలు మడచి చొక్కా జేబున నిడుకొని లేచెను. వాకిటనున్న పిల్ల మాకు తెలియని భాషలో ఏదో కూనిరాగము తీయుచుండెను.