ఫ్రీజర్‌లో పిరోగీలు... పొయ్యిమీద పోలండు సూపు

అమ్మాయి పురిటికనో, మనవడి అన్నప్రాశనకనో అమెరికా వెళ్ళొచ్చిన మీలో చాలామంది ఈ మాట అనే ఉంటారు - "ఫ్రీజరు తలుపు తీస్తే చాలు, అన్నీ ప్యాకెట్లే వదినా! మనలాగా పూటకి పూట వండుకోరు" అని. అన్నారా, లేదా? అలవాటు లేని ఇల్లు, అలవాటు లేని వంటిల్లు. అలా అనిపించడం సహజమే. కాకపోతే ఆ మాట విన్న కూతురో, కోడలో ఏదో నేరం చేసినదానిలా తల వంచుకుని ఉంటుంది. పొద్దున్నే ఉద్యోగానికి పరిగెత్తి, సాయంత్రం పిల్లాణ్ణి డే కేర్ నించి తీసుకుని, మంచులో కారు నడుపుకుంటూ ఇల్లు చేరే పిల్ల అది. ఆ వేళప్పుడు ఆ ప్యాకెట్టే దానికి పెద్ద దిక్కు.

పెన్సిల్వేనియా వైపు వెళ్ళినవాళ్ళకైతే ఆ ఫ్రీజర్లలో ఒక ప్యాకెట్టు కంటబడే ఉంటుంది. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే. మైదాపిండి పూరీలో బంగాళాదుంప ముద్ద పెట్టి, సగానికి మడిచి, అంచులు నొక్కిన కుడుము. పోలండువాళ్ళ వంట అది. వాళ్ళ భాషలో ఒక్కటైతే 'ప్యెరుగ్', ఎక్కువైతే 'ప్యెరోగీ'. మన నోటికి వీలుగా పిరోగీ అనుకుందాం. ఆ ప్యాకెట్టుతో నలుగురికి కడుపునిండా వేడివేడి సూపు ఎలా చెయ్యాలో ఈ వారం చెప్పుకుందాం. దాంతోపాటు, ఆ ప్యాకెట్టు వెనకాల ఉన్న చేతుల సంగతి కూడా.

ఎవరి చేతి చలవ?

పోలండులో చలి ఎక్కువ. బంగాళాదుంప, క్యాబేజీ, ఉల్లిపాయ - ఈ మూడే చలికాలానికి ఆధారం. ఉడికించిన దుంపలో, విరిగిన పాలతో చేసే 'త్వారుగ్' అనే పనీరులాంటిది కలిపి, వేయించిన ఉల్లిపాయ వేసి కూరే పిరోగీలు అక్కడ బాగా పేరుపడ్డవి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎందరో పోలండువాళ్ళు బతుకుతెరువు కోసం పెన్సిల్వేనియా బొగ్గు గనులకీ, ఉక్కు కర్మాగారాలకీ వలస వచ్చారు. మగవాళ్ళు గనుల్లోకి దిగితే, ఆడవాళ్ళు ఈ వంటని వెంట తెచ్చుకున్నారు.

ఈస్టరు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, శుక్రవారంనాడు వాళ్ళు మాంసం ముట్టరు. ఆ రోజులకి పిరోగీ బాగా కుదిరింది. చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళంతా చేరి, ఒకరు పిండి కలిపి, ఒకరు వత్తి, ఒకరు కూరి, ఒకరు అంచులు నొక్కి డజన్ల లెక్కన అమ్మేవాళ్ళు. వచ్చిన డబ్బు చర్చి ఖర్చులకి. ఇప్పటికీ ఆ ఊళ్ళలో ఈ అలవాటు పోలేదు. అప్పడాలకీ, వడియాలకీ వీధివీధంతా ఒక డాబామీద చేరిన రోజులు గుర్తొస్తున్నాయి కదూ!

ఆ బొగ్గు గనుల ఊళ్ళలో షెనాండోవా ఒకటి. అక్కడ టెడ్ ట్వార్డ్‌జిక్ అనే ఆయన 1952లో తల్లి మేరీ చేసే పిరోగీలనే, ఆమె వంటింట్లోనే మొదలుపెట్టి, గడ్డకట్టించి అమ్మే వ్యాపారంగా పెంచారు. అమెరికా దుకాణాల్లో 'మిసెస్ టీస్' అనే పేరు చూసే ఉంటారు. అందులో 'టీ' ఆ తల్లి ఇంటిపేరులో మొదటి అక్షరమే. చూశారా! ఫ్రీజర్‌లో మొద్దులా పడుండే ఆ ప్యాకెట్టు కూడా ఒకమ్మ చేతివంటగా మొదలైందే.

అదే రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ పక్కన పెన్‌హిల్స్‌లో 1976 నించి శ్రీ వేంకటేశ్వరస్వామి కోవెల ఉంది. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎందరో స్థిరపడ్డారు. పిట్స్‌బర్గ్‌కి పిరోగీ అంటే మనకి ఇడ్లీ అన్నట్టు. కనక ఆ ఊరి తెలుగు వంటిళ్ళలోకి పిరోగీ రావడంలో వింతేం లేదు.

ఈ సూపు సంగతి

పులియబెట్టిన క్యాబేజీతో పోలండువాళ్ళు కాచే పుల్లటి సూపుని 'కపుష్‌న్యాక్' అంటారు. కపుస్తా అంటే క్యాబేజీ. సూపులో కుడుములు వేసుకునే ఆచారమూ వాళ్ళకి ఉంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి బీట్‌రూట్ చారులో పుట్టగొడుగులు కూరిన చిట్టి కుడుములు వేసుకుంటారు. వాటి పేరు 'ఊష్కా', అంటే చిన్నిచెవులు అని అర్థం. ఈ రెంటినీ కలిపి, క్యాబేజీ సూపులో ఫ్రీజరు పిరోగీలు వెయ్యడం అమెరికా ఇళ్ళలో పుట్టిన సులువు. రొట్టె అక్కర్లేదు, పక్కన ఇంకో కూర అక్కర్లేదు. గిన్నెడు తాగితే భోజనం అయిపోయినట్టే.

కావలసినవి (నలుగురికి)

గడ్డకట్టిన పిరోగీలు - 16
వెన్న లేక నూనె - 2 పెద్ద చెంచాలు
ఉల్లిపాయ - పెద్దది 1
వెల్లుల్లి - 3 రెబ్బలు
క్యారెట్లు - 2
బంగాళాదుంప - 1
పచ్చి క్యాబేజీ - పావుకిలో, సన్నగా తరిగినది
పులియబెట్టిన క్యాబేజీ (సవర్‌క్రౌట్) - 1 కప్పు
పొగబెట్టిన సాసేజి (కిల్బాసా) - 200 గ్రాములు
నీళ్ళు - ఒకటిన్నర లీటరు
బిర్యానీ ఆకులు - 2
ఆల్‌స్పైస్ గింజలు - 4 (లేకపోతే 2 లవంగాలు)
షాజీరా - అర చెంచా
ఎండు మరువం - 1 చెంచా
మిరియాలపొడి - అర చెంచా
సవర్ క్రీమ్ - 4 పెద్ద చెంచాలు
సోయికూర - కొద్దిగా
ఉప్పు - చివర్న, రుచి చూసి

మరువం అంటే ఆశ్చర్యపోకండి. మనం పూలమాలలో కలిపి కట్టుకునే మరువమే! పోలండువాళ్ళు దాన్ని ఎండబెట్టి సూపుల్లో, సాసేజిల్లో వేస్తారు. అమెరికా దుకాణాల్లో 'మార్జోరం' అని సీసాల్లో దొరుకుతుంది.

చేసే విధానం

అడుగు మందంగా ఉన్న పెద్దగిన్నెలో వెన్న వేసి, సాసేజిని బిళ్ళలుగా కోసి ఎర్రగా వేయించి పక్కకి తీసుకోండి. అదే గిన్నెలో ఉల్లిపాయ ముక్కలు సన్నసెగమీద మెత్తబడేదాకా వేయించండి. వెల్లుల్లి, షాజీరా వేసి ఒక్క నిమిషం తిప్పండి. క్యారెట్, బంగాళాదుంప, పచ్చి క్యాబేజీ వేసి నీళ్ళు పొయ్యండి. బిర్యానీ ఆకులు, ఆల్‌స్పైస్ కూడా పడెయ్యండి. మూతపెట్టి ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి.

ఇక్కడే అసలు కీలకం ఉంది. బంగాళాదుంప ముక్క వేలితో నొక్కితే మెత్తగా చితికిందని తెలిశాకే పుల్ల క్యాబేజీ వెయ్యాలి. ముందే వేస్తే ఆ పులుపుకి దుంప బిరుసెక్కి, ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది. పప్పు ఉడక్కుండానే చింతపండు పులుసు పోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? సూత్రం అదే, దేశమే వేరు.

పుల్ల క్యాబేజీ, సాసేజి, మరువం, మిరియాలపొడి వేసి మరో పావుగంట సన్నసెగన మరగనివ్వండి. ఇప్పుడు రుచి చూడండి. పుల్ల క్యాబేజీలోనూ, సాసేజిలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి బహుశా ఇంక వెయ్యనే అక్కర్లేదు. ఇంట్లో రక్తపోటు ఉన్నవాళ్ళుంటే పుల్ల క్యాబేజీని ఒకసారి నీళ్ళలో కడిగి, పిండి వెయ్యండి. సాసేజి తగ్గించండి.

ఇక పిరోగీలు. ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే సూపులో వెయ్యాలి. ముందే బయటపెట్టి కరగనిస్తే పిండి చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీసేటప్పుడు చిరుగుతాయి. సూపు గలగలా మరుగుతుంటే కూడా వెయ్యకండి. ఆ ఉధృతానికి పగిలి, లోపలి దుంప బయటికొచ్చి సూపంతా గంజిలా అవుతుంది. సెగ తగ్గించి ఒక్కొక్కటే జారవిడవండి. అడుగంటకుండా గరిటె వెనకభాగంతో మెల్లిగా కదపండి. నాలుగైదు నిమిషాల్లో పైకి తేలతాయి. తేలాక రెండు నిమిషాలు ఆగి దింపెయ్యడమే. ప్యాకెట్టుమీద ఇంకో లెక్క రాసుంటే దాన్నే పాటించండి.

సవర్ క్రీమ్‌ని తిన్నగా గిన్నెలో గుమ్మరిస్తే విరిగిపోతుంది. మజ్జిగపులుసుకి పడే జాగ్రత్తే దీనికీ పడాలి. చిన్నగిన్నెలో క్రీమ్ తీసుకుని, రెండు గరిటెల వేడి సూపు కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, దింపిన తరవాత పెద్దగిన్నెలో వెయ్యండి. పైన సోయికూర చల్లండి.

శాకాహారులకి

పిరోగీ అంటే శాకాహారమే అని ధీమాగా ఉండకండి. కొన్నిట్లో పిండిలో గుడ్డు కలుపుతారు, కొన్నిట్లో లోపల మాంసం కూరతారు. ప్యాకెట్టు వెనక చదివి కొనమని అమ్మాయికి చెప్పండి. కిల్బాసా ఎక్కువగా పంది మాంసంతో చేస్తారు. తినేవాళ్ళు కూడా అది చూసుకోవాలి.

సాసేజికి బదులు 200 గ్రాముల పుట్టగొడుగులు ఎర్రగా వేయించి వెయ్యండి. గుప్పెడు ఎండు పుట్టగొడుగులు దొరికితే మరీ మంచిది. అరగంట వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళని వడగట్టి సూపులోనే పొయ్యండి. పొగ వాసన కావాలంటే పొగబెట్టిన మిరపపొడి, 'స్మోక్‌డ్ పాప్రికా' అంటారు, ఒక చెంచా చాలు.

అన్నట్టు, సాసేజి వేసేవాళ్ళు కూడా ఎక్కువ వెయ్యనక్కర్లేదు. 1981 నించి 1989 దాకా పోలండులో మాంసం రేషను కార్డులమీదే దొరికేది. కొద్ది ముక్కలతోనే కుండెడు సూపుకి వాసన పట్టించడం ఆ ఇల్లాళ్ళకి బాగా తెలుసు. రేషను క్యూలో నిలబడ్డ మనకి ఆ పొదుపు ఇట్టే అర్థమవుతుంది.

ఇంట్లోనే చేసి దాచుకోవాలంటే

మన ఊళ్ళో పిరోగీ ప్యాకెట్టు దొరకలేదని దిగులేం వద్దు. రెండు కప్పుల మైదాలో చిటికెడు ఉప్పు, చెంచా వెన్న వేసి, గోరువెచ్చని నీళ్ళతో చపాతీ పిండికన్నా మెత్తగా కలిపి అరగంట మూతపెట్టండి. మూడు దుంపలు ఉడికించి, నీటిచుక్క లేకుండా మెదిపి, 150 గ్రాముల పనీరు తురుము, ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలపొడి కలపండి. పిండి పల్చగా వత్తి, గ్లాసు అంచుతో బిళ్ళలు కోసి, మధ్యలో చెంచాడు ముద్ద పెట్టి కజ్జికాయలా మడిచి అంచులు గట్టిగా నొక్కండి. అంచుకి ముద్ద అంటిందా, ఉడికేటప్పుడు విడిపోతుంది. జాగ్రత్త.

ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో తేలేదాకా ఉడికించి, నూనె రాసిన పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి చల్లారనివ్వండి. ఆ పళ్ళెం పళాన రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలో వేసి, గాలి తీసి మూతికట్టండి. తేదీ రాసి పెట్టుకోండి. రెండు నెలలు నిక్షేపంగా ఉంటాయి. కరెంటు పోయి కరిగిపోతే మాత్రం మళ్ళీ గడ్డకట్టించకండి. చల్లదనం ఇంకా తగ్గకపోతే ఆ పూటే వండెయ్యండి. వెచ్చబడితే పారెయ్యడమే మేలు.

పుల్ల క్యాబేజీ కూడా ఇంట్లోనే అవుతుంది. కిలో క్యాబేజీ తురుముకి 20 గ్రాముల ఉప్పు వేసి, నీరు ఊరేదాకా పిసికి, సీసాలో కూరి, ఆ నీళ్ళలోనే మునిగి ఉండేలా పైన బరువు పెట్టాలి. చల్లటి దేశాల్లో మూడు నాలుగు వారాలు పడుతుంది. మన వేడికి త్వరగానే పులుస్తుంది కాబట్టి రోజూ చూసుకుని, సరిపడా పులిశాక ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

చివరగా ఒక్కమాట

ఈ సూపుకి ఒక గుణముంది. పిరోగీలు అందులో ఎక్కువసేపు ఉంటే రసం పీల్చుకుని ఉబ్బి మెత్తబడిపోతాయి. అందుకని సూపు ఎంతైనా కాచి ఉంచుకోవచ్చు, మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది కూడా. కానీ పిరోగీలు మాత్రం ఏ పూటకి ఆ పూటే, తినేవాళ్ళని లెక్కపెట్టుకుని, మనిషికి నాలుగు చొప్పున వెయ్యాలి. మధుమేహం ఉన్నవాళ్ళకి రెండు చాలు. సూపులో బంగాళాదుంప మానేసి క్యాబేజీ పెంచండి.

లెక్కపెట్టేటప్పుడు మీ నాలుగూ మర్చిపోకండి! అందరికీ పెట్టి చివర్న గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు ఈ వంటకి పనికిరాదు. అప్పటికి మీ పిరోగీలు ముద్దయిపోతాయి. అందరూ బల్లదగ్గర కూర్చున్నాక వేసి, ఏడు నిమిషాల్లో దింపి, వాళ్ళతోపాటు మీరూ కూర్చోవాల్సిందే.

ఈ ఆదివారం అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు "ఇంకా ప్యాకెట్లేనా?" అని అడక్కండి. "నీ ఫ్రీజర్‌లో పిరోగీలున్నాయా? దుంప ఉడికాకే పుల్ల క్యాబేజీ వెయ్యి తల్లీ, పిరోగీలు చివర్న" అని చెప్పండి. అవతల గొంతు ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది.

వచ్చేవారం మరో వంటతో కలుద్దాం. సరేనా!