సీడీ ప్లేయరును పాతసామానులో వేయకుడు

ఆర్మూరు చుట్టుపట్ల యాసంగిలో ఎఱ్ఱజొన్న కంకి పాలుపోసుకొను వేళ చేలగట్లవెంట నడచువారికి, పిట్టలను బెదరించుటకై దారములకు కట్టిన సీడీలు గాలికి గిరగిర తిరుగుచు ఎండకు తళుక్కుమనుట కనబడును. ఆ పళ్ళెములలో కొన్ని సినిమా పాటలవి, కొన్ని భక్తిగీతములవి. కొన్నింటిపై స్కెచ్‌పెన్నుతో వ్రాసిన వధూవరుల పేర్లు ఇంకను చదువ వీలగుచున్నవి. పంటను కాపాడుకొనుటకు చేతికందిన వస్తువును వాడుకొనిన రైతును తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. పలికించు యంత్రము లేనప్పుడు ఆ పళ్ళెమును ఇంటిలో దాచి అతడు చేయునదేమున్నది? నా ప్రశ్న ఆ యంత్రమును గూర్చినది. సీడీ ప్లేయరు నేడు ఎవరి యింటనైన ఉన్నదా, ఉన్నచో పలుకుచున్నదా, పలుకకున్నచో మనము పోగొట్టుకొనుచున్నదేమి?

ఉన్నదనియే నా సమాధానము. పెర్కిట్టునందును, మామిడిపల్లియందును, ఆర్మూరు పాతబస్తీ యిండ్లయందును అటకమీదనో, టీవీ క్రింది గూటిలోనో, రిమోటు పోయి, తీగలు ఊడి, పైన ఒక గుడ్డ కప్పుకొని అది నేటికిని కూర్చుండియున్నది. కాని ఉండుట వేఱు, వాడుకలో నుండుట వేఱు. తెల్లవారుజామున సుప్రభాతము వేయు గుడి మైకుసెట్టు వద్దను, పది పన్నెండేండ్ల క్రిందటి కారును ఇంకను నడుపుకొనువారి వద్దను, చేతివ్రేళ్లకు ఫోను అలవడని పెద్దల గదులలోను, నాదమునందలి సూక్ష్మభేదములకు చెవియొగ్గు కొలదిమంది రసికుల వద్దను తప్ప అది నోరు విప్పుట అరుదైనది. దసరా ముందర ఇల్లు దులుపునాడు అటక దిగిన యంత్రము మరల అటకయెక్కక, ఇనుపసామానుతో కలిసి తూకమునకు పోవుచున్నది.

ఈ ప్రాంతమునకు పాట వినిపించు యంత్రములు హైదరాబాదు అంగళ్లనుండి మాత్రమే రాలేదు. సముద్రము దాటి వచ్చినవి. పొట్టకూటికై దుబాయి, మస్కటు, సౌదీలకు పోయిన ఈ తాలూకా యువకులు సెలవుపై ఇల్లు చేరునాడు త్రాళ్లతో బిగించి తెచ్చిన అట్టపెట్టెలలో తల్లికి దుప్పటి, చెల్లెలికి అత్తరు, ఇంటికంతటికిని టేపురికార్డరు ఉండుట ఒక కాలమున ఆనవాయితీ. పిమ్మట ఆ స్థానమును సీడీ ప్లేయరు, డీవీడీ ప్లేయరు ఆక్రమించెను. వచ్చిన త్రోవనే పళ్ళెములు తిరిగి పోయెడివి. చెల్లెలి పెండ్లికి సెలవు దొరకని అన్నకు, తండ్రి కర్మలకు అందుకొనలేకపోయిన కొడుకునకు, ఊరినుండి మరల పోవుచున్న ఏ పొరుగువాని సంచిలోనో పెండ్లి సీడీయో, కర్మల సీడీయో పంపెడివారు. ఆ పళ్ళెమును లేబరు క్యాంపులోని ఇరుకుగదిలో పదిమందియు కలిసి చూచి, అప్పగింతల వేళకు ఎవరికి వారు మొగము త్రిప్పుకొనియుందురని ఊహించుట కష్టము కాదు. ప్రవాస దుఃఖమును గూర్చి మనవారు వ్రాసిన ఉత్తరములను భద్రపరచవలెనని పండితులు చెప్పుచున్నారు; ఆ ఉత్తరముల తరువాతి రూపమైన ఈ పళ్ళెములను గూర్చి పలికినవారు నాకు కానరాలేదు.

ఇంటింట బీడీలు చుట్టు స్త్రీలకు సాయంత్రము దనుక ప్రక్కన పలుకుచుండినది ఈ యంత్రమే. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలనుండి తెలంగాణ పాట పల్లెపల్లెకు పాకినప్పుడు, సభకు పోలేనివారికి ఆ పాటను చేర్చినవి క్యాసెట్లును, సీడీలునే. ఒగ్గుకథలు, చిందు భాగవతములు, బతుకమ్మ పాటలు పట్టణములలోని చిన్న చిన్న స్టూడియోలలో రికార్డగి, బస్టాండు దుకాణములలో అమ్ముడుపోయెడివి. సినిమా సంగతి చెప్పనక్కరలేదు: ముఖ్య అతిథి వేదికపై సీడీని ఆవిష్కరించి మొదటి ప్రతిని అందించుటయే పాటల పండుగగా ఉండిన దినములు మనకందరకును జ్ఞాపకమే. మోజర్ బేర్ అను మన దేశపు సంస్థ 2007 ప్రాంతమున వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మి పేదయింటికి సైతము సినిమాను చేర్చినది. ఆ సంస్థయే 2018 నాటికి దివాలా విచారణలో మూతబడినది. ఒక వస్తువు ఉచ్ఛ్రాయమునకును పతనమునకును నడుమ పదునొకండేండ్లే పట్టినవి.

ఇక ఆ పళ్ళెము స్వభావమును కొంత తెలిసికొననిదే నేను చెప్పబోవు మాటలోని తొందర బోధపడదు. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి లోకమునకిచ్చిన ఈ పళ్ళెము వ్యాసము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. లోపలి అంచున మొదలై వెలుపలికి చుట్లు చుట్టుకొనిపోవు దాని జాడను విప్పి పఱచినచో అయిదు కిలోమీటర్లకు మించును. ఆ జాడపై కంటికానని గుంటలుండును; వానిపై లేజరు కిరణము పడి తిరిగివచ్చునప్పటి హెచ్చుతగ్గులనే యంత్రము నాదముగా మార్చును. ఒక్క సెకనునకు 44,100 మారులు కొలిచి నమోదు చేసిన ధ్వని అది. రెండున్నర మిల్లీమీటర్ల మేర జాడ చెడినను, చుట్టునున్న లెక్కలనుబట్టి పోయిన భాగమును తిరిగి కూర్చుకొను నేర్పు దానికి కలదు. అందువలననే క్రిందివైపు చిన్న గీతలకు అది జంకదు. ఎల్లరును తేలికగా చూచు పైవైపే, అనగా పేరు వ్రాయు వైపే, దానికి ఆయువుపట్టు; ప్రతిఫలించు అల్యూమినియము పొర అచ్చటనే పలుచని పూత క్రింద నున్నది. అది లేచిపోయినచో ఏ యంత్రమును పలికింపజాలదు.

ఇది కర్మాగారమున అచ్చువేసిన పళ్ళెముల సంగతి. మన యిండ్లలోని పెండ్లి సీడీలు, ఊరి స్టూడియోలో కాపీచేయించిన ఒగ్గుకథలు అచ్చువేసినవి కావు. లేజరుతో కాల్చి వ్రాసినవి. వానిలో గుంటలకు మారుగా ఒక రంగుపూత యుండును. వేడికిని వెలుతురునకును ఆ పూత క్రమముగా వెలిసిపోవును. మేమాసమున 45 డిగ్రీల యెండ కాయు ఈ నిజామాబాదు జిల్లాలో, రేకుల క్రింది అటకమీద, సంచిలేక పడియున్న అట్టి పళ్ళెమునకు ఎంత ఆయువుండునో చదువరులే ఊహింపవచ్చును. పసుపును ఉడికించి, కళ్ళములో ఆరబోసి, డ్రమ్ములో వేసి మెరుగుపెట్టి, కాడిని మండనుండి వేఱుచేసి సంచులకెత్తు రైతునకు, దేనిని ఎండబెట్టవలెనో దేనిని నీడనుంచవలెనో ఒకరు నేర్పనక్కరలేదు. ఈ వస్తువు నీడనుంచవలసినదని అతనికి చెప్పినవారు లేకపోవుటయే లోపము.

పాటలన్నియు ఫోనులో నుండగా ఈ యాతన యెందులకని అడుగువారు కలరు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఘంటసాల భగవద్గీతయు, 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతమును కావలెనన్నవారికి క్షణములో ఫోనులో దొరకును, దొరకుట మంచిదే. కాని ఉచితముగా దొరకు సుప్రభాతము నడుమ సబ్బుల ప్రకటన చొచ్చుకొనివచ్చి గుడి మైకులో ఊరంతటికిని వినబడుట నాకు బాధాకరము. నెలనెల చెల్లించినవారికిని ఆ పాట సొంతము కాదు. చందా ఆగిననాడు పాటయు ఆగును, హక్కుదారునకును సేవాసంస్థకును ఒడంబడిక చెడిననాడు చందా కట్టుచున్నను మాయమగును. కొనుక్కొనిన పళ్ళెము ఎవరి అనుమతిని వేడదు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు: ఫోనులో నున్నది నలుగురికిని అమ్ముడుపోవు పాట మాత్రమే. మీ మేనత్త బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడిన పాట, మీ తాత పెండ్లిపందిరిలో చెప్పిన సామెత, నేడు లేని ఒక ఒగ్గు కళాకారుడు మీ వాడకట్టులో తెల్లవార్లు చెప్పిన మల్లన్న కథ ఏ సేవాసంస్థ భాండారమునను లేవు. ఉన్నచో ఆ స్కెచ్‌పెన్ను వ్రాతల పళ్ళెములలోనే యున్నవి.

అమెరికాలో 2000 సంవత్సరమున 94 కోట్లకు పైగా అమ్ముడుపోయిన సీడీలు 2022లో మూడు కోట్ల ముప్పది లక్షలకు దిగినవనియు, ఆ యేడు గ్రామఫోను రికార్డులే వానిని మించినవనియు లెక్కలు చెప్పుచున్నవి. జపానులో ఇంకను సీడీలను మక్కువతో కొనువారున్నారు. కనుక ఈ యంత్రము ఎన్నడో ఒకనాడు గ్రామఫోనువలె వేడుక వస్తువై తిరిగిరావచ్చునని కొందరు ఆశపడుచున్నారు. రానిండు, కాని ఆ వేడుక వచ్చునాటికి మన పళ్ళెములలోని రంగుపూత వేచియుండదు.

కావున నేను కోరునది ఇంటింటను ఒక కొత్త ప్లేయరు కొనుడని కాదు, ఊరికొక్కటియైనను పనిచేయుచుండవలెనని. అందులకు తగిన స్థలము శాఖా గ్రంథాలయము. 1960 నాటి గ్రంథాలయ చట్టముననుసరించి మనము చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది. అది మన సొమ్మే. ఒక సీడీ ప్లేయరు, కంప్యూటరునకు తగిలించు ఒక డీవీడీ డ్రైవు, ఒక హార్డుడిస్కు అను మూడింటికిని జిల్లా గ్రంథాలయ సంస్థ కుంగిపోవునంతటి వ్యయము కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు, తెలుగు అచ్చుపుస్తకమునకు దిక్కులేని రాజ్యములో దానికొక చూరు కల్పించిరి. పుస్తకమునకు కల్పించిన ఆ చూరు క్రింద గొంతునకును ఇంత చోటు చూపుట గ్రంథాలయ ధర్మమునకు వెలియైనది కాదు. పసుపుబోర్డు కొరకు ఏండ్లతరబడి పట్టుపట్టి, 2019లో 170కి పైగా రైతులు లోక్‌సభ యెన్నికలో నామినేషన్లు వేసి నిలిచి, తుదకు 2025 జనవరిలో నిజామాబాదున ఆ బోర్డును చూచిన ప్రాంతమిది. ఒక్క వినతిపత్రము చాలు పనికి ఈ ప్రాంతమువారు వెనుదీయుదురని నేననుకొనను.

ఈలోపల ప్రతి యింటివారును చేయదగిన పని కొంత కలదు. అటకమీది పళ్ళెములను దింపి, సినిమా పాటలవాటిని ఒకవైపు నుంచి, చేతివ్రాత గలవాటిని వేఱుచేయుడు. వాటిని మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తుడువుడు, చుట్టు తిప్పి తుడువవలదు. ప్లేయరు పలుకనిచో పాడైనదని తలపక, లెన్సుపై దుమ్మును దూదితో తుడుచు మెకానిక్కును వెదకుడు. ఆర్మూరులో దొరకనిచో హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరకవచ్చును. ఒక్కొక్క పళ్ళెమును రెండు చోట్లకు కాపీ చేయించి, పాడినవారి పేరు, ఊరు, ఏడు ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచుడు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగల పెద్దలు ఇంటిలో నుండగానే వారిచేత వినిపించుకొని వ్రాయుడు.